మున్షీ సాబ్‌ని అడిగారా?

మా దోస్తు ఒకాయనకు హైదరాబాద్‌లో బట్టల హోల్‌సేల్ దుకాణం ఉంది. పాతికేళ్లుగా ఆయన బిల్లులన్నీ ఫాక్స్‌ప్రోలో రాయించిన ప్రోగ్రాంలోనే. గోదాం లెక్కకు ఇంకో సాఫ్ట్‌వేర్, జీతాలకు ఎక్సెల్, జీఎస్‌టీకి మరొకటి. కిందటేడు అన్నిటినీ కలిపి ఒకే ప్లాట్‌ఫాం మీదికి తెచ్చారు. ముబారక్ చెబుదామని వెళ్తే మనిషి పరేషాన్‌లో ఉన్నాడు.

పాత ప్రోగ్రాంలో ప్రతి ఖాతా పక్కన పేరు లేని చిన్న గడి ఒకటుండేది. కొందరి ఖాతాల్లో మున్షీ సాబ్ అందులో 9 కొట్టేవారు. మన నెలల్లో తొమ్మిదోది రంజాన్ కదా! ఆ దుకాణదారుడికి అసలు గిరాకీ రంజాన్‌లోనే, బాకీ ఆ తర్వాతే వసూలు, అప్పటిదాకా తఖాజా చేయొద్దని దాని మతలబు. కొత్త సాఫ్ట్‌వేర్ వాళ్లు దాన్ని తొమ్మిది రోజుల గడువనుకున్నారు. పదో రోజు నుంచి జిల్లాల్లోని చిన్న వ్యాపారుల ఫోన్లకు నోటీసులు! "ఇరవై ఏళ్ల భరోసా ఇంతేనా భాయ్" అని ఒకాయన హిసాబు మొత్తం కట్టేసి ఖాతా మూసుకున్నాడు.

మున్షీ సాబ్‌ని ఒక పూట కూర్చోబెట్టి అడిగుంటే అంతా చెప్పేవారు. ఎవరూ అడగలేదు.

చిన్న దుకాణం కాబట్టి ఇలా అయిందనుకోకండి. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఒక్క వారాంతంలో, సుమారు 52 లక్షల మంది ఖాతాలను పాత సిస్టం నుంచి తన కొత్త యజమాని సబాడెల్ తయారు చేయించిన ప్లాట్‌ఫాంకి మార్చింది. సోమవారానికి లక్షల మందికి తమ ఖాతా తెరుచుకోలేదు. కొందరికి పరాయి వాళ్ల ఖాతాలు కనిపించాయి. అంతా మామూలు స్థితికి వచ్చేసరికి డిసెంబర్ అయింది. తర్వాత చేసిన విచారణలో తేలింది వినండి: కొత్త సిస్టం నడిచేది రెండు డేటా సెంటర్లలో, కొన్ని ముఖ్యమైన పరీక్షలు చేసింది ఒకదాంట్లోనే. 2022లో బ్యాంకుకి 4.86 కోట్ల పౌండ్ల జుర్మానా పడింది. ముందు తారీఖు ఖరారు చేసి, ఆ తారీఖు కోసం పని చేస్తే జరిగేది ఇదే.

పాతదాన్నే పట్టుకు వేలాడమనడం లేదు. విజువల్ ఫాక్స్‌ప్రోకి మైక్రోసాఫ్ట్ 2015లోనే మద్దతు ఆపేసింది. రేపు ఆ కంప్యూటర్ మొరాయిస్తే బాగుచేసే ఉస్తాదు దొరకడు. ఒకే సరుకును మూడుచోట్ల మూడు లెక్కలు చూపే తమాషా కూడా పోవాలి. ఒకే ప్లాట్‌ఫాంలో ఫాయిదా ఉంది, ఒప్పుకుంటాను. నా ఏతరాజ్ అల్లా ఆ జల్దీ మీదే.

జమ, ఖర్చు, బాకీ, వసూలు... ఈ హిసాబు మాటలు తెలుగులోకి ఎలా వచ్చాయి? ఫలానా తారీఖు నుంచి ఇవే వాడాలని ఎవరైనా హుకుం వేశారా? పాత మాటల పక్కన కూర్చుని, మెల్లగా కలిసిపోయాయి. సాఫ్ట్‌వేర్‌నీ అలాగే తేవాలి. కనీసం రెండు నెలలు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడపాలి, రోజూ సాయంత్రం రెండు హిసాబులూ పోల్చాలి. పైసా తేడా వచ్చినా ఆగాలి. ఆపమనే ఇఖ్తియార్ అమ్మే కంపెనీకి కాదు, ఖాతాలు రాసే మనిషికి ఉండాలి.

మా దోస్తు ఇప్పుడు పాత కంప్యూటర్‌ని మళ్లీ బల్ల మీద పెట్టించాడు. మున్షీ సాబ్ కళ్లజోడు సవరించుకుంటూ, ఒక్కో గడికి అర్థమేమిటో నోట్‌బుక్‌లో రాయిస్తున్నారు. నిన్నటికి పద్నాలుగు పేజీలయ్యాయట.