మర్రిమాను చూడవచ్చిన వారికి ముద్ద పెట్టలేమా?

నంబులపూలకుంట: చూడదగిన చోటు వున్నంత మాత్రాన వూరు బాగుపడదు. చూడవచ్చిన మనిషి ఆ వూళ్లో ఒక పూట కూర్చొని తిని పోయినప్పుడే నాలుగు రూపాయలు వూరి చేతికి వస్తాయి. మన మండలంలోని గూటిబైలు తిమ్మమ్మ మర్రిమాను విషయంలో ఆ రెండో సంగతిని మనం పట్టించుకోవలసినంతగా పట్టించుకోవడం లేదు.

మాను గొప్పతనం మనవాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. కొమ్మలు పరుచుకున్న మేర 19,107 చదరపు మీటర్లని లెక్క కట్టారు. అంటే నాలుగు ముక్కాలు ఎకరాల నీడ! నేలకు దిగిన వూడలే వెయ్యికి పైగా వున్నాయి. తిమ్మమ్మ 1434లో సహగమనం చేసిన చోట చితికి నాటిన గుంజ చిగిర్చి యింత మాను అయిందని స్థలపురాణం. పిల్లలు లేని దంపతులు మొక్కుకోవడానికి వస్తారు. శివరాత్రికి జాతర జరుగుతుంది.

మొక్కుబడికి వచ్చేవారు పూర్వం సద్ది మూట కట్టుకొని వచ్చేవారు. మాను చుట్టూ తిరిగి, అమ్మవారికి దండం పెట్టి, మూట విప్పుకొని తిని వెళ్లేవారు. యిప్పుడు వారితోపాటు మరో రకం జనం కూడా బయలుదేరారు. శని, ఆదివారాలు సెలవు దొరికితే చాలు, బెంగుళూరు వంటి పట్నాల నుంచి భార్యాభర్తలు కారు వేసుకొని లేపాక్షి, కదిరి, మర్రిమాను చుట్టి వచ్చే కాలం యిది.

కారును మించిన బండ్లూ వచ్చాయి. లోపలే మంచం, పొయ్యి, నీళ్ల తొట్టి వుండే వాహనాన్ని అమెరికాలో ఆర్.వి. అంటారు, మన దేశంలో కేరవాన్ అంటున్నారు. యిటువంటి బండ్లలో తిరిగే యాత్రికుల కోసం కేరళ ప్రభుత్వం 2021లోనే ఒక పథకం ప్రకటించింది. మన రాష్ట్ర ప్రభుత్వం కూడా 2025లో కేరవాన్ పర్యాటకం మీద ఒక విధానం తెచ్చింది.

యిక్కడ ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. అటువంటి బండిలో సముద్రం ఒడ్డున వుండే వూరికి సెలవు గడపడానికి వెళ్లిన దంపతులు బండిలో పొయ్యి వుండి కూడా రెండు రోజులూ బయటే తింటారు. ఎందుకు? వంట చేతకాక కాదు. ఆ వూరి చేప ఆ వూళ్లో తింటేనే రుచి అని. మన కోస్తాలోనూ అంతే. మైపాడు సముద్రం చూడబోయిన వాడు నెల్లూరు చేపల పులుసు తినకుండా తిరిగి రాడు. విశాఖపట్నం బీచికి పోయిన వాడు యిసుకలో నిలబడి మురీ మిక్స్చరు తింటాడు. యింట్లో బియ్యం లేక యివన్నీ తింటున్నారా? తిన్న రుచి గుర్తుంటే చూసిన వూరు గుర్తుంటుంది. అదీ అసలు కారణం.

మనకు సముద్రం లేదు. చేప లేదు. అయినంత మాత్రాన పెట్టడానికి ఏమీ లేదా? రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, ఉలవకట్టు చారు, గోంగూర పుల్లగూర, నాటుకోడి పులుసు మన యిళ్లలో వుండేవే గదా! పొద్దున పూట ఉగ్గాని, బజ్జీ. పండుగ పూట ఓళిగలు. సంక్రాంతి ముందు అనపగింజల పులుసు. వానలు తగ్గాక సీతాఫలాలు. చెనిక్కాయల మీద పరిశోధన చేసి కదిరి పేరుతోనే రకాలు విడుదల చేసిన కేంద్రం మనకు పక్కనే వుంది. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తర్వాత పట్నాల్లో కొర్రలు, రాగులు గొప్పవారి తిండి అయ్యాయి. మనం పేదల కూడు అని సిగ్గుపడిన సంగటిని వారు హోటళ్లలో డబ్బు పెట్టి కొనుక్కుంటున్నారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మన విషయంలో నిజమవుతున్నది.

అలాంటి దంపతులు మాను దగ్గర బండి దిగి, “యిక్కడ మీ వూరి భోజనం ఎక్కడ దొరుకుతుంది?” అని అడిగారనుకుందాం. చిప్సు పొట్లం, కూల్‌డ్రింకు సీసా చూపించి, భోజనానికి కదిరి పొమ్మంటే ఏమవుతుంది? ఆ పూట ఖర్చు పాతిక కిలోమీటర్ల అవతల పెడతారు. పొట్లం డబ్బు ఎక్కడి కంపెనీకో పోతుంది. పొట్లం కాగితం మాత్రం మన మాను కింద మిగులుతుంది.

మహిళా సంఘాలు పూనుకుంటే దీనికి దారి లేకపోలేదు. రోజూ హోటలు నడపనక్కరలేదు. ఆదివారాలు, సెలవు రోజులు, జాతర రోజులు చాలు. ముందురోజు ఫోను చేసి చెప్పిన వారికి తప్పక పెట్టే ఏర్పాటు వుంటే వండింది పారేసే బాధ తగ్గుతుంది. ఒక ఆదివారం యాభై మంది తిన్నారనుకోండి. మనిషికి వంద రూపాయలైతే అయిదు వేలు. సరుకులకు, కట్టెకు, ఆకులకు సగం పోయినా రెండున్నర వేలు మిగులుతుంది. అయిదుగురు ఆడవాళ్లు పంచుకుంటే తలా అయిదు వందలు. కూలి కోసం బెంగుళూరు బస్సు ఎక్కేవారున్న పల్లెల్లో యిది చిన్న మొత్తం కాదు.

2016లో మన మండలంలో ఎన్.టి.పి.సి. వారి 250 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం పూర్తయింది. మండలం పేరు దేశమంతటా వినపడింది. సంతోషమే. కాని ఎండను పట్టే పలకలకు కావలి మనుషులు కొద్దిమంది చాలు. సంగటి కెలకడానికి, రొట్టె తట్టడానికి మనిషి చెయ్యే కావాలి. ఆ పని మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు.

అన్నం అమ్ముకోవడం పాపం కాదా అని కొందరు పెద్దలు అంటారు. ఆ మాటను తీసిపారేయలేం. దాహానికి నీళ్లు, ఎండలో వచ్చిన వారికి మజ్జిగ వూరికే పోద్దాం. పిల్లల కోసం మొక్కుకొని వచ్చే పేదవారు తమ సద్ది తాము తినడానికి చోటు ఎప్పటిలాగే వుండాలి. భోజనానికి మాత్రం న్యాయమైన ధర బోర్డు మీద రాసి పెట్టి తీసుకోవడంలో తప్పేముంది? కారు చూసి ఒక ధర, కాలినడకన వచ్చిన వారికి ఒక ధర చెబితే మాత్రం అది పాపమే. వూరి పేరు కూడా పోతుంది.

జనం పెరిగితే మానుకు ముప్పు వస్తుందన్న భయం కూడా న్యాయమైనదే. అందుకే పొయ్యి మాను నీడలో వెలిగించరాదు. బండ్లు వేర్ల మీదికి రాకుండా దూరంగా నిలిపే స్థలం చూపించాలి. ప్లాస్టిక్ పళ్లేలు వద్దు, విస్తరాకులు చాలు. తిన్న ఆకులు వేయడానికి గుంత తవ్వాలి. వూడలు పట్టి వూగడం, బెరడు మీద పేర్లు చెక్కడం మాన్పించాలి. మాను వుంటేనే మనిషి వస్తాడు, మనిషి వస్తేనే ముద్ద అమ్ముడవుతుంది.

వంట ఆడవాళ్లు చేయగలరు గాని రేకుల షెడ్డు, మంచినీటి కొళాయి, శుభ్రమైన మరుగుదొడ్లు వారు కట్టుకోలేరు. యివి పంచాయతీ, మండల అధికారులు, పర్యాటక శాఖ వారు కలిసి చేయవలసిన పనులు. చిన్న తిండి దుకాణాలకు ఆహార భద్రతా చట్టం కింద కావలసిన నమోదు సంఘాల వారికి దగ్గరుండి చేయిస్తే సగం భయం తీరుతుంది. 2022లో జిల్లా కేంద్రం పుట్టపర్తికి వచ్చింది. పెద్ద అధికారులను కలవాలంటే మునుపటిలా అనంతపురం దాకా పోనక్కర లేదు. కనుక అడగడానికి మనం, వినడానికి వారు జాప్యం చేయవలసిన పని లేదు.

పెద్ద పథకం వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చోవడం కంటే రాబోయే శివరాత్రి జాతరకు ఒక్క సంఘం, ఒక్క పొయ్యి, నాలుగు రకాల వంటలతో మొదలుపెట్టి చూడడం మేలు. లాభమో నష్టమో ఆ మూడు రోజుల్లో లెక్క తేలుతుంది. గూటిబైలు చుట్టుపక్కల సంఘాల వారు యిప్పుడే కూర్చొని మాట్లాడుకోవాలి.