ఇద్దరికీ రెండెందుకు? ఒకటి చాలు

ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే రెండు ఫోన్లు, రెండు ట్యాబులు, రెండు రంగుల డబ్బాలు, రెండు రిమోట్ కార్లు. మన ఘరానాల్లో ఇప్పుడు ఇదే ఇన్సాఫ్ అని చెలామణీ అవుతోంది. "చెరొకటి కొనిచ్చేస్తే లడాయి ఖతం భాయ్" అని చదువుకున్నవాళ్లే అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. నిజమే, లడాయి ఖతమైంది. దాంతోపాటు అన్నాచెల్లెళ్ల మధ్య గుఫ్తగూ కూడా ఖతమైంది. దాని సంగతి ఎవరూ లెక్కెయ్యడం లేదు.

మొన్న ఈద్‌కి ఒక బంధువులింట్లో శీర్ ఖుర్మా తాగుతూ కూచున్నాను. ఎదురుగా ఒకే జంఖానా మీద ఆరుగురు పిల్లలు. చిన్నవాడికి ఐదేళ్లు, పెద్దమ్మాయికి పదమూడు. ఆరుగురి చేతుల్లో ఆరు ఫోన్లు. మోకాలికి మోకాలు తగులుతోంది గాని ఒకరి మొహం ఒకరు చూడరు. "మాషాఅల్లాహ్, ఎంత ఖామోష్‌గా ఉన్నారో చూడండి, గోలే లేదు" అని ఆ ఇంటి ఖాలా మురిసిపోయింది. ఈద్ రోజు పిల్లలు గోల చెయ్యకపోతే మురిసిపోవాలా, హకీమ్‌ని పిలవాలా?

మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1932లో చిన్నపిల్లల ఆటల మీద ఒక పరిశీలన ప్రచురించింది. చిన్న చిన్న పిల్లలు పక్కపక్కనే కూచుని ఎవరి ఆట వాళ్లు ఆడుకుంటారట. దాన్ని ఆమె సమాంతర ఆట అంది. వయసు పెరిగేకొద్దీ ఒకరి వస్తువు ఒకరు అడుగుతారు, ఒకరి ఆటలోకి ఒకరు దూరుతారు, చివరికి అందరూ కలిసి ఒకే పని మీద పడతారు. రెండేళ్ల బిడ్డకి పక్కపక్కన ఆట ముచ్చటే. పదమూడేళ్ల పిల్లని కూడా మనమే పైసలు పోసి మళ్లీ రెండేళ్ల బిడ్డని చేస్తున్నాం. పైగా దానికి నెలనెలా రీఛార్జ్!

మన నానీలు, దాదీల కాలం ఆటలు గుర్తు చేసుకోండి. ఉర్దూలో హండ్‌కులియా అంటాం, తెలుగులో గుజ్జనగూళ్లు. ఒకత్తే ఆడితే అందులో మజా ఏముంది? ఒకత్తి పొయ్యి దగ్గర కూచుంటే ఇంకొకత్తి మెహమాన్ అవ్వాలి. గుడియా షాదీ అయితే మరీను. దుల్హన్ వాళ్ల ఇల్లు ఒకటి, దుల్హా వాళ్ల ఇల్లు ఒకటి లేకుంటే నిఖా ఎవరికి, వలీమా ఎవరికి? ఇద్దరు లేందే మొదలే కాని ఆటలవి. ఇప్పుడు బజార్లో దొరికే వాటిలో అలాంటిదేదైనా ఉందా అని వెతికితే, నాకు తోచింది అరవై ఏళ్లు దాటిన ఒక పాత ఆటబొమ్మ. ఎచ్-ఎ-స్కెచ్.

చూసినవాళ్లు చూసే ఉంటారు. ఎర్రటి చట్రం, బూడిదరంగు తెర, కింద రెండు మూలల్లో రెండు తెల్లటి నాబ్‌లు, పాత రేడియోకి ఉన్నట్టు. ఎడమ నాబ్ తిప్పితే గీత అడ్డంగా పోతుంది. కుడి నాబ్ తిప్పితే నిలువుగా పోతుంది. లోపల కరెంటు లేదు, బ్యాటరీ లేదు. గాజు లోపలివైపు సన్నటి అల్యూమినియం పొడి అంటుకుని ఉంటుంది. నాబ్‌లకి కట్టిన తీగలు లోపల ఒక ములుకుని లాగుతాయి. ములుకు పొడిని గీకినచోట నల్లగీత కనబడుతుంది. తలకిందులు చేసి ఆడిస్తే పొడి మళ్లీ గాజంతా పట్టేస్తుంది, గీత మాయం.

దీన్ని ఒక్కరే రెండు చేతులతో ఆడుకోవచ్చు. లోకంలో ఎక్కువమంది అలాగే ఆడారు. నేను చెప్పేది అది కాదు. ఎడమ నాబ్ ఒకరికి, కుడి నాబ్ ఇంకొకరికి ఇవ్వండి. ఎవరి నాబ్ వాళ్లదే, పక్కవాళ్ల నాబ్ ముట్టుకోవడం మనా. ఒక్క ఈ షర్తుతో ఆ డబ్బా పూర్తిగా వేరే వస్తువైపోతుంది.

మెట్లు గియ్యడం సులువు. నువ్వు కాస్త, నేను కాస్త. ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు ఊరుకుంటారు. బారీ బారీగా పోతే చాలు. ఏటవాలు గీత దగ్గర కష్టం మొదలవుతుంది. ఇద్దరూ ఒకేసారి, ఒకే వేగంతో తిప్పాలి. అన్న జబర్దస్తీ చేసి గిర్రున తిప్పాడా, గీత పడుకుండిపోతుంది. చెల్లెలు గిర్రున తిప్పిందా, లేచి నిలబడుతుంది.

అసలు ఇమ్తెహాన్ గుండ్రం దగ్గర. పైకొస నుంచి కుడివైపుగా మొదలెట్టారనుకోండి. అక్కడ అడ్డం తిప్పేవాడిదే జోరు, నిలువు తిప్పేది దాదాపు ఆగి ఉండాలి. కిందికి వంగేకొద్దీ వాడు నెమ్మదించాలి, ఆమె జోరందుకోవాలి. కుడి అంచుకొచ్చేసరికి వాడు పూర్తిగా ఆగిపోవాలి, ఆమె ఒక్కతే తిప్పాలి. ఆ తర్వాత వాడు వెనక్కి తిప్పడం మొదలెట్టాలి. ఒక్క గుండ్రంలో ఇద్దరూ చెరి రెండుసార్లు తగ్గాలి, చెరి రెండుసార్లు ముందుండాలి. లెక్కల మేష్టర్లు దీన్నే సైన్, కొసైన్ అని ఇంటర్‌లో పిల్లల నెత్తిన వేస్తారు. ఇక్కడ ఎనిమిదేళ్ల పిల్లలు "ఆగు ఆగు, ఇప్పుడు నువ్వు, అరె జల్దీ" అని అరుచుకుంటూ చేతులతో నేర్చుకుంటారు. మొదటి గుండ్రం బంగాళాదుంపలా వస్తుంది. రానివ్వండి.

నేను ఉర్దూ మీడియంలో అలిఫ్, బే దిద్ది, డిగ్రీలో తెలుగు చదివినవాణ్ణి గనక ఇంకో తమాషా చెప్పకుండా ఉండలేను. ఈ తెర మీద అలిఫ్ రాయడానికి కుడి నాబ్ ఒక్కటే చాలు, నిలువుగా ఒక్క గీత. బే దగ్గరికొస్తే ఇద్దరూ కావాలి. పైగా చిక్కొకటి. ములుకు ఎత్తడం కుదరదు కాబట్టి విడిగా నుఖ్తా పెట్టలేం. బే, పే, తే అన్నీ ఒకేలా కనబడతాయి. ఇక తెలుగుకొస్తే, ఒంటిచేత్తో అయ్యే అక్షరం నాకు ఒక్కటీ కనబడలేదు. అన్నీ వంపులే, సున్నలే. "అ" రాయాలన్నా ఇద్దరు కలవాల్సిందే. క మీది తలకట్టు అక్షరానికి అంటుకోకుండా నిలవదు. తలకట్టు దాకా ఏ దారిన పోదాం, వచ్చిన దారినే వెనక్కి పోదామా అని ఇద్దరూ ముందే మష్విరా చేసుకోవాలి. తమ పేర్లు ఒకసారి ఉర్దూలో, ఒకసారి తెలుగులో రాయమనండి. మీ సాయంత్రం అయిపోతుంది.

ఇప్పుడు ఇన్సాఫ్ సంగతి. చెరొకటి కొనేవాళ్లు ఒక హదీసుని అడ్డం పెట్టుకుంటారు. నుఅమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రి ఒక్క కొడుక్కి కానుక ఇచ్చి ప్రవక్త (స) దగ్గరికి వస్తే, మిగతా పిల్లలకీ ఇచ్చావా అని ఆయన అడిగారు, లేదంటే ఒప్పుకోలేదు. సహీహ్ హదీసు, కాదనేదెవరు? అందులో అడిగింది ఒకరికిచ్చి ఇంకొకరికి ఎగ్గొట్టడం గురించి. ఇద్దరిని రెండు మూలల కూచోబెట్టమని అందులో నాకు ఎక్కడా కనబడలేదు. ఒక డబ్బా, రెండు నాబ్‌లు, రెండూ ఒకే సైజు. ఏ ఒక్కటి లేకపోయినా గుండ్రం రాదు. ఇంతకన్నా బరాబర్‌గా పంచే తరాజు ఏ దుకాణంలో దొరుకుతుంది?

చెరొకటి అన్నది కూడా మాటవరసకే. మన ఇళ్లల్లో లోపలికెళ్లి చూడండి. కొత్త ఫోన్ కొడుక్కి, వాడు వదిలేసిన పగుళ్ల ఫోన్ కూతురికి. వాడికి సైకిల్, ఆ పిల్లకి "నీకెందుకే, బయటికెళ్తావా ఏంటి" అన్న జవాబు. ఒకే నాబ్ చేతికిస్తే మొదటి రోజు ఏం జరుగుతుందో నేను చూశాను. అన్న హుకుమ్ చేస్తాడు. చెల్లెలు తిప్పదు. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుని కూచుంటుంది. వాడి గీత అడ్డంగా పోయి గోడకి కొట్టుకుని ఆగుతుంది. ఎంత తిప్పినా అంతే. అప్పుడు వాడు అడగాల్సిందే, "తిప్పవే ప్లీజ్" అని. ఆ ప్లీజ్ మన మగపిల్లల నోట చిన్నప్పుడే రావాలి. రాకపోతే ఏమవుతుందో పేపర్లో పాతికేళ్లుగా పని చేస్తున్న నాకు తెలుసు. అబ్బాజాన్ పోయాక, ఖురాన్‌లో రాసిపెట్టిన ఆడపిల్ల హిస్సా దగ్గర "ఆపా మాఫ్ చేసేసింది" అంటారు. ఆపాని ఎవరు అడిగారు? కాగితం ముందు పెట్టి, సంతకం ఎక్కడ చెయ్యాలో వేలితో చూపించారు. నలుగురి ముందు భాయ్‌ని కాదంటే మైకే తలుపు మూసుకుంటుందన్న ఖౌఫ్‌తో ఆమె చేసింది. దాన్ని మాఫీ అనడానికి నాకు నోరు రాదు.

బొమ్మ కొంటే విరాసత్ తగాదాలు తీరిపోతాయా అని నవ్వేవాళ్లు నవ్వండి. తీరవు. కాని ఒకరు చెయ్యి తీసేస్తే ఇంకొకరి పని ఆగిపోతుందన్న సంగతి మన కుర్రాళ్లు ఇంట్లో ఎక్కడ చూస్తున్నారు, చెప్పండి. అమ్మీ చెయ్యి ఎప్పుడూ ఆగదు, ఆపా చెయ్యి ఎప్పుడూ ఆగదు. ఆగితే ఏమవుతుందో వాళ్లకి తెలిసే మౌఖానే లేదు.

"భాయ్, బొమ్మలు గీయడం జాయెజేనా?" అని కొందరు తప్పకుండా అడుగుతారు. ప్రాణుల తస్వీర్ మీద ఉలమాల మధ్య ఇఖ్తెలాఫ్ ఉంది, మీ మౌలానాని అడిగి నడుచుకోండి. ఆకు, పడవ, మీనార్, చాంద్, పేర్లు, మెట్లు... గీయడానికి అల్లాహ్ ఇచ్చిన దునియా పెద్దది. అమ్మీ పక్కనుండి అన్నానికి పిలిచేలోపు చెరిగిపోయే గీత ఇది. ఇదే ఇంట్లో పొద్దస్తమానం రీల్స్ ఆడుతుంటే రాని ఫత్వా, రెండు నాబ్‌ల డబ్బాకి వస్తే నాకు నవ్వొస్తుంది.

దీన్ని కనిపెట్టింది ఆంద్రె కసాన్య్ అనే ఫ్రెంచి ఎలక్ట్రీషియన్. ఫ్యాక్టరీలో పని చేసే కారీగర్. ఆయన పెట్టిన పేరుకి మాయా తెర అని అర్థం. అమెరికాలో ఓహయో ఆర్ట్ అనే కంపెనీ మొదట వద్దని, తర్వాత ఒప్పుకుని, 1960లో బజార్లోకి తెచ్చింది. చాలా ఏళ్లు ఇంకొకరి పేరే సృష్టికర్తగా చెలామణీ అయింది, మజ్దూర్ల సంగతి ఎక్కడైనా అంతే కదా. కసాన్య్ 2013లో చనిపోయాడు. 2016లో ఆ హక్కుల్ని కెనడా కంపెనీ స్పిన్ మాస్టర్ కొనుక్కుంది. నేను ఏ కంపెనీకీ దలాల్‌ని కాను. మన దేశంలో 2021 జనవరి నుంచి ఆటబొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, కొనేవాళ్లు అది చూసి కొనండి.

కొనలేనివాళ్లు ఇలా చెయ్యండి. ఒక లావు స్కెచ్ పెన్నుకి నడుమ నాలుగు దారాలు గట్టిగా ముడెయ్యండి. చార్ట్ కాగితం నేల మీద పరచండి. ఎదురెదురు కూచున్న పిల్లలకి చెరి రెండు దారాలు. పెన్ను ముట్టుకోకుండా దారాలతోనే నిలబెట్టి గీయాలి. ఒకరు లాగినప్పుడు ఇంకొకరు వదలకపోతే పెన్ను కదలదు. ఇద్దరూ వదిలేస్తే పడిపోతుంది. ఖర్చు ఒక స్కెచ్ పెన్ను, అమ్మీ కుట్టుమిషన్ దారం.

ఫోన్‌లోనూ ఇద్దరు కలిసి గీసే యాప్‌లున్నాయి అంటారు. ఉన్నాయి. అక్కడ ఇద్దరూ ఒకే తెర మీద వేళ్లు పెట్టి ఎవరి బొమ్మ వాళ్లు వేసుకుంటారు. నచ్చకపోతే అన్‌డూ నొక్కుతారు. ఈ డబ్బాలో అన్‌డూ లేదు. తప్పు గీత ఒక్కదాన్ని తియ్యడం కుదరదు. ఉంచుకుని దాన్నే కొమ్మగానో మెట్టుగానో మార్చుకోవాలి, లేదంటే ఇద్దరూ ఒప్పుకుని మొత్తం చెరిపెయ్యాలి. ఒకరు ఒప్పుకోకుండా తలకిందులు చేస్తే కొట్లాట ఖాయం. ఆ కొట్లాటకి మీరు పరుగెత్తుకెళ్లకండి. చాయ్ చల్లారకముందే తాగండి. లోపల్నుంచి "సరే, ఈసారి నీ నాబ్ నాకు, నా నాబ్ నీకు" అని వినబడేదాకా ఆ గది తలుపు దగ్గరికి పోవద్దు.