కుక్కకు పచ్చి ముక్క వేయవద్దు

ఆదివారం పొద్దున కర్నూల్లోనో, కడపలోనో, ప్రొద్దుటూరులోనో మాంసం అంగడి ముందు మీరెప్పుడైనా నిలబడ్డారా? నిలబడి వుంటే ఈ దృశ్యం చూసే వుంటారు. అంగడాయన పొట్టేలును కోసి, కొనేవాళ్ళు వద్దన్న ముక్కలను పక్కకు విసురుతాడు. అక్కడ నాలుగు కుక్కలు కాచుకుని వుంటాయి. ముక్క నేలమీద పడకముందే మాయమవుతుంది. చూసేవాళ్ళు, "పోనీలే, మూగజీవాల కడుపు నిండింది" అనుకుంటారు.

అలా అనుకోవడం మంచిది కాదని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

కుక్కకు పచ్చిమాంసం, పచ్చి ఎముకలు పెట్టడమే సరైన పద్ధతి అనేవాళ్ళు ఇప్పుడు ప్రపంచమంతటా వున్నారు. ఆస్ట్రేలియాకు చెందిన ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే పశువైద్యుడు 1993లో దీన్ని గురించి ఒక పుస్తకమే రాశాడు. కుక్క తోడేలు జాతిది, తోడేలు వండుకుని తినదు కదా అని వాళ్ళ వాదన. ఎముకను అలాగే వేసేవాళ్ళు కొందరు, పొడిచేసి మాంసంలో కలిపేవాళ్ళు కొందరు.

ఈ వాదనలో కొంత నిజం లేకపోలేదు. ఎముకలో కాల్షియం, ఫాస్ఫరస్ వుంటాయి. ఎదిగే కుక్కపిల్లకు కేవలం మెత్తని మాంసం పెడితే కాల్షియం చాలక దాని ఎముకలు బలహీనపడతాయి. ఇంకో సంగతి కూడా నిజమే: ఉడికిన ఎముక పచ్చిదానికంటే పెళుసు. ఎముకకు గట్టిదనం ఖనిజాల వల్ల వస్తుంది, సాగే గుణం కొల్లాజెన్ అనే మాంసకృత్తు వల్ల వస్తుంది. ఉడికించినప్పుడు కొల్లాజెన్ కరిగి నీళ్ళలోకి పోతుంది. మిగిలిన ఎముక కొరికితే సూదుల్లా చీలి గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటుంది. అందుకే మనం తిని పారేసిన కోడి ఎముకలు కుక్కకు వేయకూడదు.

మరి పచ్చి ఎముక మంచిదా? దానితో పళ్ళు విరిగిన కుక్కలూ వున్నాయి, పేగులకు అడ్డుపడి ఆపరేషన్ చేయించుకున్న కుక్కలూ వున్నాయి. పొడి చేస్తే గుచ్చుకోదు, నిజమే. కాని పొడి చేసినంత మాత్రాన పచ్చిమాంసంలోని సూక్ష్మజీవులు చావవు. ఇక తోడేలు సంగతి. స్వీడన్ శాస్త్రజ్ఞులు 2013లో కుక్క జన్యువులనూ తోడేలు జన్యువులనూ పోల్చి చూశారు. పిండిపదార్థాన్ని జీర్ణం చేసే జన్యువు ప్రతులు తోడేలులో కంటే కుక్కలో ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించాయి. వేల ఏళ్ళుగా మనిషి దగ్గర బతికి, మనిషి పెట్టింది తిని, కుక్క మారిపోయింది. మన సీమ కుక్కలు రాగి సంగటి, జొన్నరొట్టె తిని మందలు కాయడం మీకు తెలిసిందే.

ఇంతవరకూ కుక్కకు జరిగే మంచిచెడ్డలు చూశాం. అసలు ప్రమాదం కుక్కకు కాదు, మనకు. అందులోనూ మన ప్రాంతంవాళ్ళకు.

కుక్క పేగుల్లో బతికే ఒక బద్దెపురుగు వుంది. దాని పేరు ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్. పేరు పొడవే గాని పురుగు పొట్టి. రెండు నుంచి ఏడు మిల్లీమీటర్లు, అంటే బియ్యపుగింజ కంటే పెద్దది కాదు. దీని గుడ్లు కుక్క మలంతో బయటికి వచ్చి గడ్డిలో, నీళ్ళలో, మట్టిలో కలుస్తాయి. ఆ గడ్డి మేసిన గొర్రె కడుపులో గుడ్డు పగులుతుంది. అందులోంచి వచ్చిన డింభకం రక్తంతోపాటు కార్జానికో ఊపిరితిత్తులకో చేరి, నీళ్ళు నిండిన తిత్తిగా పెరుగుతుంది. ఆ తిత్తిలో వందలు, వేలు పిల్లపురుగుల తలలు తయారవుతాయి. గొర్రెను కోసినప్పుడు తిత్తులున్న ఆ ముక్కను ఎవరు కొంటారు? ఎవరూ కొనరు. అది కుక్కకు పోతుంది. ఆరేడు వారాల్లో ఆ కుక్క పేగుల్లో కొత్త పురుగులు గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి.

చూశారా, ఈ చక్రం తిరగడానికి కుక్కా గొర్రే వుంటే చాలదు. పచ్చి ముక్కను విసిరే చెయ్యి కూడా వుండాలి. ఆ చెయ్యి మనిషిది.

ఈ చక్రంలో మనిషి ఎక్కడ చిక్కుకుంటాడు? మాంసం తిన్నందువల్ల కాదు. తిత్తివున్న మాంసం తిన్నా ఈ జబ్బు రాదు. కుక్క బొచ్చుకు అంటిన గుడ్లు మన చేతికి, చేతినుంచి నోటికి చేరితే వస్తుంది. కడగని కూరగాయలతో, మురికినీటితో కూడా వస్తుంది. అప్పుడు గొర్రెలో జరిగిందే మనలోనూ జరుగుతుంది. దీన్ని హైడాటిడ్ వ్యాధి అంటారు. తిత్తి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఏళ్ళ తరబడి నొప్పి తెలియదు. ఐదో తరగతిలో కుక్కపిల్లతో ఆడుకున్న పిల్లవాడు పెళ్ళీడుకు వచ్చాక కడుపులో బరువుగా వుందని ఆస్పత్రికి పోవచ్చు. చాలామందికి ఆపరేషన్ తప్పదు. లోపలే తిత్తి పగిలితే ప్రాణానికే ముప్పు.

మన దేశంలో ఈ వ్యాధి ఎక్కువగా కనిపించే ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ముఖ్యమైనవి. ఇక కర్నూలు పేరయితే వైద్యశాస్త్రంలోకే ఎక్కింది. కర్నూలులో ఈ వ్యాధి ఎలా వ్యాపిస్తున్నదో వివరించే పరిశోధన వ్యాసం 1968లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చింది. వానలు తక్కువైన చోట సేద్యంతో పాటు గొర్రెలే ఆధారం. గొర్రెలున్న చోట కాపలా కుక్క వుంటుంది. వేసవిలో మనిషీ, మందా, కుక్కా చేరేది ఆ ఒక్క కుంట దగ్గరికే, ఆ ఒక్క చెట్టు నీడకే.

"మా తాతలనాటినుంచీ వేస్తున్నాం, ఒక్క కుక్క అయినా చచ్చిందా?" అని మీ ఇంట్లో పెద్దవాళ్ళు అడగవచ్చు. చావదు. కడుపులో వేల పురుగులున్నా కుక్క హుషారుగానే వుంటుంది. అందుకే ఇన్నాళ్ళూ మనకు అనుమానం రాలేదు. "అయితే కుక్కల్నే చంపేస్తే పోలేదా?" అని ఇంకొకరు అనవచ్చు. తప్పు కుక్కది కాదు. అది పెట్టింది తింటుంది, అంతే.

ఐస్‌లాండ్ దేశం కథ వినండి. అదీ గొర్రెల దేశమే. 1863లో హరాల్డ్ క్రాబె అనే డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు అక్కడికి వెళ్ళి కుక్కలను పరీక్షిస్తే నాలుగింట ఒకటికి పైగా కుక్కల్లో ఈ పురుగు కనిపించింది. ఆయన ఈ విషయమంతా తేలికమాటల్లో ఒక చిన్న పుస్తకంగా రాస్తే, మరుసటి ఏడు దాన్ని ఇంటింటికీ పంచిపెట్టారు. జనం చదివారు. తిత్తులున్న ముక్కలను కుక్కలకు వేయడం మానారు. తర్వాత చట్టాలూ వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఆ దేశంలో ఈ జబ్బు లేకుండా పోయింది.

మనం చేయవలసినవి కష్టమైనవేమీ కావు. కుక్కకు కార్జం, ఊపిరితిత్తుల వంటివి వేయాలనుకుంటే ముక్కలు చేసి అరగంట తెర్లించి వేయండి. ఎముక తీసేసిన ఉడికిన మాంసం, సంగటి, గుడ్డు పెట్టండి. కుక్కపిల్లకు కాల్షియం ఎంత కావాలో, పురుగుల మందు ఎప్పుడెప్పుడు వేయాలో పశువైద్యుణ్ణి అడగండి. కుక్కను ముట్టుకున్నాక, అన్నానికి ముందు, సబ్బుతో చేతులు కడుక్కోండి.

వండడానికి వీల్లేని ముక్కలను లోతుగా పూడ్చాలి. బండరాతి నేలలో లోతుగా గొయ్యి తవ్వడం ఒక్కరివల్ల అయ్యే పని కాదని నాకు తెలుసు. అంగడాయనను ఒక్కణ్ణే తప్పుపట్టి లాభం లేదు. ఆయనకు ఆ ముక్కలు వేసే చోటేదీ మనం చూపించలేదు. ఊరికి ఒక గొయ్యి తవ్వించి, కుక్కలు తోడకుండా మూత వేయించడం పంచాయతీ పని. మూతకు కొదవ ఏముంది? నాపబండలకు పేరు పడిన నేల మనది.

ఐస్‌లాండ్‌లో ఆ చిన్న పుస్తకం చేసిన పని మన ఊళ్ళో మీరే చేయవచ్చు. వచ్చే ఆదివారం మాంసం తేవడానికి మీ నాయనతో మీరూ పొండి. ముక్క విసరబోయే ముందు అంగడాయనకు ఈ సంగతి మెల్లగా, మర్యాదగా చెప్పండి.