పచ్చ టిక్కు, పద్నాలుగు రోజులు

మొన్న మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు "బ్రిడ్జి సంగతి ఎస్‌డీకే చూసుకుంటుంది కదండీ, రెండు లైన్ల పని" అన్నాడు. నవ్వొచ్చింది. 2024 మొదట్లో నేనూ అచ్చం ఇదే మాట అన్నాను, అదీ క్లయింటు ముందు :)

అప్పుడు ఓ వాలెట్ మీద పనిచేస్తున్నాం. ఎథీరియం (ఎల్1) నుంచి ఓపీ మెయిన్‌నెట్ (ఎల్2) కి ఈథర్ పంపాలి, కావాలంటే వెనక్కి తెచ్చుకోగలగాలి. పంపడం నిజంగానే సులువు. డిపాజిట్ ఫంక్షన్ పిలిస్తే కాసేపటికి అవతల బాలెన్స్ కనిపిస్తుంది. వెనక్కి తేవడానికి కూడా అలాంటి ఫంక్షనే ఉంది కదా అని పిలిచేసి, ట్రాన్సాక్షన్ హాష్ రాగానే స్క్రీన్ మీద ఓ పచ్చ టిక్కు పెట్టేశాం.

ఆ టిక్కు పచ్చి అబద్ధం.

ఆప్టిమిస్టిక్ రోలప్‌లో ఎల్2 చెప్పిన లెక్క నిజమేనని ముందు నమ్మేస్తారు. తప్పని చూపించడానికి 7 రోజుల గడువు. అందుకే ఓపీ నుంచి వెనక్కి రావాలంటే మూడు ట్రాన్సాక్షన్లు. ఎల్2 లో ఇనీషియేట్, కొంతసేపటి తర్వాత ఎల్1 లో ప్రూవ్, ఆ పైన వారం ఆగి మళ్ళీ ఎల్1 లో ఫైనలైజ్. ఇందులో అసలు తిరకాసు ఏంటంటే, ఆ 7 రోజులు మొదలయ్యేది ఇనీషియేట్ చేసినప్పుడు కాదు, ప్రూవ్ చేసినప్పుడు. పైగా ఆ చివరి రెండింటికీ గ్యాస్ కట్టడానికి ఎల్1 లో ఈథర్ ఉండాలి.

మరి టెస్టింగులో దొరకలేదా అంటారా? అప్పట్లో సెపోలియా టెస్ట్ నెట్‌వర్క్‌లో ఆ గడువు అసలు గడువులాగే ఉండేది కాదు, చిటికెలో అయిపోయేది. డెమో రోజున అన్ని స్టెప్పులూ నేనే కమాండ్ లైన్ నుంచి నడిపించాను. అందరూ చప్పట్లు కొట్టారు.

దెబ్బ తగిలింది మా పిన్ని కొడుక్కి. అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్నాడు, సెమిస్టర్ ఫీజు కోసం తన ఈథర్ వెనక్కి తెచ్చి అమ్ముకుందామనుకున్నాడు. టిక్కు చూశాడు, వారం పడుతుందని ఎక్కడో చదివాడు, బుద్ధిగా ఆగాడు. ఎనిమిదో రోజు ఫోన్. "అన్నయ్యా, నువ్వు కట్టిన బ్రిడ్జే కదా, నా డబ్బులేవి?" చూస్తే స్టేటస్ ఇంకా రెడీ టు ప్రూవ్ దగ్గరే ఉంది. ఎల్1 లో వాడి దగ్గర పైసా ఈథర్ లేదు. ఇంకో వారం ఆగరా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఫీజుకి నేనే సర్దాను.

"వాడేవాళ్ళకి ఇవన్నీ ఎందుకు, యూపీఐ వాడేవాళ్ళకి బ్యాంకుల మధ్య సెటిల్‌మెంట్ గురించి తెలుసా?" అన్నది మా మేనేజర్ గారి వాదన. తెలియక్కర్లేదు, ఒప్పుకుంటాను. ఎందుకంటే ఆ సెటిల్‌మెంట్ బ్యాంకులే చేసుకుంటాయి, వారం తర్వాత వచ్చి మళ్ళీ పిన్ కొట్టమని మనల్ని అడగవు. ఇక్కడ మిగిలిన రెండు పనులూ వాడేవాడో, వాడి తరఫున మనమో చేస్తే తప్ప జరగవు. చెయ్యాల్సిన పనిని కనబడకుండా దాచేస్తే అది సౌకర్యం ఎలా అవుతుంది?

ఎస్‌డీకే మీద నాకు కోపం లేదు. అప్పటి ఆప్టిమిజం ఎస్‌డీకేలో ప్రతి దశకీ ఒక స్టేటస్ పేరు ఉండేది, చదవనిది మేమే. ఇప్పుడు దాన్ని పక్కనపెట్టి వియెమ్‌లోని ఓపీ స్టాక్ ఫంక్షన్లు వాడమంటున్నారు. అందులో వెయిట్ టు ఫైనలైజ్ అని ఒకటుంది. ముందు అవెయిట్ అని రాస్తే చూడ్డానికి ఒక్క లైను, నడవడానికి వారం. బ్రౌజర్ ట్యాబ్ వారం పాటు తెరిచి ఉంచే మహానుభావుడెవరైనా ఉంటే చెప్పండి! మేం చివరికి హాష్‌ని డేటాబేస్‌లో దాచి, తేదీలతో మూడు దశలూ చూపించి, టైము రాగానే మెయిల్ పంపుతున్నాం. ఎల్1 లో గ్యాస్‌కి సరిపడా లేకపోతే మొదటి బటనే పనిచెయ్యదు. తొందర ఉన్నవాళ్ళకి అక్రాస్ లాంటి బ్రిడ్జిలున్నాయి, ఫీజు తీసుకుని ముందే డబ్బిస్తాయి. ఆ దారి కూడా చూపిస్తున్నాం.

పెద్దవాళ్ళూ పడ్డారులెండి. 2022 లో ఆప్టిమిజం ఫౌండేషన్ వింటర్‌మ్యూట్‌కి 2 కోట్ల ఓపీ టోకెన్లు పంపింది. వాళ్ళిచ్చిన మల్టీసిగ్ అడ్రస్ ఎల్1 లో వాళ్ళదే, ఎల్2 లో అక్కడ ఇంకా ఏమీ డిప్లాయ్ చెయ్యలేదు. ఇంకెవడో ముందుగా వెళ్ళి అదే అడ్రస్‌లో కాంట్రాక్ట్ పెట్టేసుకున్నాడు. తర్వాత 1.7 కోట్లు వెనక్కిచ్చాడనుకోండి. ముందు టెస్ట్ ట్రాన్సాక్షన్లు కూడా పంపి చూశారు, అవి బాగానే చేరాయి.

ఆ కుర్రాడికి ఇవేవీ చెప్పలేదు. మెయిన్‌నెట్‌లో కాస్త ఈథర్ పెట్టి, ఓపీ నుంచి వెనక్కి తెచ్చి చూపించమన్నాను. నిన్న పొద్దున వచ్చి "అయిపోయిందండీ" అన్నాడు. ప్రూవ్ చేశావా అని అడిగితే నా మొహం వంక చూశాడు.