100ఎక్స్ జూమ్ ఫోన్ కొని సఫారీకి బయల్దేరుతున్నారా? కాస్త ఆగండి

"అన్నా, సఫారీకి పోతాండాం, ఫోటోలకు ఏ ఫోన్ తీసుకోవాల?" మా బి.కొత్తకోట వైపు నుంచి ఈ మధ్య నాకు ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఇదే. బెంగళూరులో ఉద్యోగాలు చేసే మన పిల్లలకు నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, బందీపూర్, కబిని అంటున్నారు. అడిగేవాళ్ల మనసులో జవాబు ముందే ఉంటుంది. యాడ్‌లో చందమామను దగ్గరికి లాగి చూపించిన ఫోన్ కావాలి వాళ్లకు. నా జవాబు వేరే: సఫారీ కోసమే అయితే కొత్త ఫోన్ కొనొద్దు.

ఇది డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న మాట. 2024 ఎండాకాలంలో మొదటిసారి బందీపూర్ వెళ్లాను. అంతకు రెండు వారాల ముందే ఒక ఫోన్ కొన్నాను. పేరు వద్దులెండి, డబ్బా మీద జూమ్ అంకె మాత్రం పెద్దగా ఉండేది. పొద్దున్నే సఫారీ బస్సు. చెట్ల కింద ఇంకా వెలుగు సరిగా రాలేదు. మలుపు తిరగ్గానే ఏనుగుల గుంపు, తల్లి కాళ్ల మధ్య ఒక గున్న. 30ఎక్స్ దాకా లాగాను. స్క్రీన్ మీద ఏనుగు వణుకుతోంది, అసలు వణికేది నా చెయ్యి. 61 ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే చర్మం మీద ముడతలు ఉండాల్సిన చోట నీళ్ల రంగు పూసినట్టుంది. గున్నను చూసి మా అమ్మ "ఇదేంది, బండరాయా?" అనింది.

తప్పు ఎక్కడుందో తర్వాత లెక్కేసుకున్నాను. మామూలు ఫోన్ మెయిన్ కెమెరా సుమారు 24 మి.మీ. లెన్సుతో సమానం. 100 మీటర్ల దూరంలో దాని ఫ్రేములో దాదాపు 100 మీటర్ల ఎత్తు పడుతుంది. మూడు మీటర్ల ఏనుగు అందులో మూడు శాతం. ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్‌తో వచ్చిన 5ఎక్స్ లెన్సు 120 మి.మీ. అంటే ఫ్రేము 20 మీటర్లు, ఏనుగు 15 శాతం. గెలాక్సీ ఎస్23 అల్ట్రాలో 10ఎక్స్ లెన్సు 230 మి.మీ., ఏనుగు సుమారు 30 శాతం. ఇంతవరకు గాజు చేసే పని, మోసం లేదు. అదే చోట మీటరు ఎత్తు పులి నిలబడితే ఈ అంకెలన్నీ మూడో వంతుకు పడిపోతాయి.

ఆ పైన ఉండేదంతా కోతే. 50 మెగాపిక్సెళ్ల 5ఎక్స్ లెన్సుతో 100ఎక్స్ కొట్టారనుకోండి. అడ్డంగా ఇరవయ్యో వంతు, నిలువుగా ఇరవయ్యో వంతు మిగులుతుంది. ఐదు కోట్ల పిక్సెళ్లలో చేతికొచ్చేది లక్షా పాతిక వేలు. పాత కీప్యాడ్ ఫోన్ల విజిఏ కెమెరాకే మూడు లక్షలు ఉండేవి!

మరి 100ఎక్స్‌లో కూడా కొన్ని ఫోన్లు పులి మీసాలు చూపిస్తాయే అంటారా? 2025లో వచ్చిన పిక్సెల్ 10 ప్రోలో 30ఎక్స్ దాటాక జెనరేటివ్ ఏఐ పని చేస్తుంది. కెమెరాకు అందని వివరాన్ని అది ఊహించి నింపుతుంది. దూరంగా ఉన్న బిల్డింగుకైతే నాకు అభ్యంతరం లేదు. కానీ పులుల్ని ఒంటి మీది చారలను బట్టే గుర్తుపడతారు, ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. లేని చారను ఫోన్ గీసిస్తే నేను చూసిన పులి ఫోటో అని దాన్ని ఎట్లా చూపించేది? నాకైతే మా అమ్మ రాయి అన్న ఫోటోనే నయం. కనీసం అది అబద్ధం కాదు.

ఇంకో చిన్న పరీక్ష చెప్తాను, షాపులోనే చేసుకోవచ్చు. కాస్త చీకటిగా ఉన్న మూలకు పోయి 5ఎక్స్ పెట్టి, టెలిఫోటో లెన్సును వేలితో మూయండి. స్క్రీన్ నల్లబడకపోతే ఫోన్ మీకు చెప్పకుండా మెయిన్ కెమెరా బొమ్మనే కోసి చూపిస్తోందని అర్థం. చాలా ఫోన్లు వెలుగు తగ్గితే ఇదే చేస్తాయి. సఫారీలు జరిగేది తెల్లవారి, సాయంత్రం. జంతువులు బయటికొచ్చేదీ అప్పుడే.

అసలు ఇప్పుడు ఫోన్‌ను లోపలికి రానిస్తారా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. 2024 డిసెంబరు 31న మహారాష్ట్రలోని ఉమ్రేడ్ కర్హండ్లా అభయారణ్యంలో ఒక ఆడపులి, దాని పిల్లల దారికి సఫారీ బండ్లు అడ్డం నిలిచాయి. అందరి చేతుల్లో ఫోన్లు, కెమెరాలు. బాంబే హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. 2025 నవంబరులో సుప్రీంకోర్టు, పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతంలో టూరిస్టులు తిరిగే జోన్లలో మొబైల్ వాడకూడదని చెప్పింది. ఫోన్ల రివ్యూలు రాసుకుని బతికేవాడిని, అయినా అంటున్నాను, మంచి పని జరిగింది. లక్ష పెట్టి కొన్న ఫోన్ గేటు దగ్గరే ఉండిపోతే మాత్రం నన్ను తిట్టుకోవద్దు.

డబ్బు ఉంటే బ్రిడ్జ్ కెమెరా చూడండి. 2018లో వచ్చిన క్యానన్ ఎస్ఎక్స్70 1365 మి.మీ. దాకా పోతుంది, నికాన్ పి1000 ఏకంగా 3000 మి.మీ. వీటి సెన్సారూ చిన్నదే, మసక వెలుగులో తేలిపోతాయి. కానీ ఎండ ఉన్నప్పుడు ఏ ఫోనూ వీటి దరిదాపుల్లోకి రాదు. ఒక్క ట్రిప్పుకే అయితే బెంగళూరులో మంచి కెమెరా, లెన్సు రోజు బాడుగకు దొరుకుతాయి. కిటికీ అంచున పెట్టుకోవడానికి ఒక గుడ్డసంచిలో రెండు కిలోల బియ్యం పోసుకుని పోండి. నా అనుభవంలో దానికి మించిన స్టాండ్ లేదు.

బాడుగకు తెచ్చినదైనా అడవిలోకి పోయాక బటన్లు వెతుక్కుంటే పని కాదు. మనకు ప్రాక్టీసుకు కొదవా? హార్సిలీ హిల్స్ పక్కనే ఉంది. కలెక్టర్ హార్సిలీ పేరు రాకముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. ఘాట్ రోడ్డు కోతులకు తిండి మాత్రం పెట్టకండి, ఊరికే చూస్తూ ముఖం మీద ఫోకస్ పట్టండి. ట్రాక్టర్ దున్నేటప్పుడు వెనకాలే దిగే కొంగలను షట్టర్ 1/1000లో పెట్టి తీయండి. ఎగిరే కొంగ పదిసార్లలో నాలుగుసార్లు దొరికితే మీరు బందీపూర్‌కు రెడీ.

ఒక్కటి మాత్రం వద్దు. "సఫారీ ఖర్చెందుకు, పలమనేరు, కుప్పం పోతే ఏనుగులు ఫ్రీ కదా" అనేవాళ్లు తయారయ్యారు. 1980ల్లో కర్ణాటక, తమిళనాడు అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అప్పటి నుంచి అక్కడి రైతులకు రాత్రి నిద్ర కరువు. పంటలు పోయాయి, మనుషులు పోయారు, కరెంటు తీగలకు ఏనుగులూ పోయాయి. 2025 మేలో కర్ణాటక నుంచి కుంకీలను తెప్పించి పలమనేరు దగ్గర ముసలిమడుగులో పెట్టాల్సొచ్చింది. మా చుట్టం ఒకాయనకు అటువైపు మామిడి తోట ఉంది. ఒక రాత్రి ఊరివాళ్లంతా కలిసి గుంపును మెల్లగా అడవి వైపు మళ్లిస్తుంటే, వాట్సాప్‌లో లొకేషన్ చూసి కుర్రాళ్లు బైకుల మీద వచ్చారు. లైట్లు వేశారు, అరిచారు. గుంపు వెనక్కి తిరిగి తోటలో పడింది. డ్రిప్పు పైపులు పోయాయి, రెండు చెట్లు విరిగాయి.

ఆ వీడియో నాకూ వచ్చింది. ఫోన్ అడ్డంగా పట్టి తీసింది, జూమ్ 1ఎక్స్. ఏనుగు ఫ్రేములో సగం ఎత్తు ఉంది. పై లెక్క ప్రకారమే కట్టి చూశాను. తీసినవాడికీ దానికీ మధ్య ఏడెనిమిది మీటర్లు కూడా లేదు.