కారు కొనక ముందు లెక్క చూడండి



మొన్న ఒక తల్లి వచ్చి, “అయ్యగారూ, మా చిన్నోడు హైదరాబాదులో ట్రావెల్స్ ఆఫీసు పని మానేసి, సొంత కారు కొని యాప్‌లో నడుపుతానంటున్నాడు. ఎకరం తాకట్టు పెట్టమంటున్నాడు. ఏం చేయమంటారు?” అని అడిగింది. ఇది అనేక కుటుంబాల ప్రశ్న.

కుర్రవాని మాటలో న్యాయం లేకపోలేదు. ట్రావెల్స్‌లో యజమాని పిలిస్తేనే పని. ఆయనకు నచ్చినవానికి మంచి ట్రిప్పు, మిగిలినవారికి బెంచీ మీద ఎదురుచూపు. 2007లో మొదలైన మేరు వంటి టాక్సీ కంపెనీలలో కారు కంపెనీది. బేరం తగిలినా తగలకపోయినా డ్రైవరు రోజువారీ సొమ్ము కట్టవలసిందే.

2010లో ఓలా మొదలైంది, 2013లో ఊబర్ మన దేశానికి వచ్చింది. ఇక సిఫారసుతో పని లేదు. దగ్గరలోని ప్రయాణికుణ్ణి ఫోనే చూపిస్తుంది. ప్రతి ట్రిప్పు లెక్క కంటికి కనబడుతుంది. పండుగకు ఊరు రావాలంటే ఎవరినీ బ్రతిమాలనక్కరలేదు. మొదట్లో అదనపు ప్రోత్సాహక సొమ్ము కూడా బాగా ఇచ్చారు. అందుకే డ్రైవర్లు అటు మొగ్గారు.

అయితే ఆ సొమ్మును నమ్మి అప్పుచేసి కార్లు కొన్నవారు, అది తగ్గగానే చిక్కుకున్నారు. 2017లో ఢిల్లీలో, 2018లో ముంబయిలో డ్రైవర్లు సమ్మె చేశారు. 2020లో కేంద్ర ప్రభుత్వం, ఛార్జీలో కనీసం 80 శాతం డ్రైవరుకు చెందాలని మార్గదర్శకాలు ఇచ్చింది. ఇటీవల కొన్ని యాప్‌లు కమీషను మాని, దానికి బదులు రోజుకింత అని రుసుము తీసుకొంటున్నాయి. ఏ పద్ధతి అయినా ఇంధనం, టైర్లు, రిపేర్లు, ఇన్సూరెన్సు, బ్యాంకు వాయిదా మాత్రం డ్రైవరువే. ఫోను ఆపివేస్తే ఆ రోజు సెలవే గాని, వాయిదాకు సెలవు లేదు.

కనుక ఆ తల్లికి చెప్పినదే మీకూ చెప్పుచున్నాను. ముందుగా ఆరు నెలలు వేరొకరి కారును యాప్‌లో నడపనివ్వండి. ప్రతి రాత్రి రాబడి, ఖర్చు నోటు పుస్తకంలో వ్రాయమనండి. గది అద్దె, భోజనం కూడా వదలవద్దు. బాగా గిట్టిన నెలను కాదు, తక్కువ వచ్చిన నెలను చూడండి. కారు యజమానికి ఇచ్చే సొమ్మును ప్రక్కన పెట్టి, మిగిలిన ఖర్చులన్నీ తీసివేయండి. ఆ శేషం వాయిదాకు సరిపోయి, ఇంటికి కొంత మిగిలితే ధైర్యంగా కొనండి. సరిపోకపోతే ఎకరం జోలికి పోవద్దు. కుర్రవాణ్ణి కోప్పడకుండా, ఆ పుస్తకం మధ్యన పెట్టుకొని ఇంటిల్లిపాదీ కూర్చొని మాట్లాడుకోండి.