తాతల నాటి తుపాకి చెక్క

ఏటా సెప్టెంబరు 3వ తేదీన కర్ణాటకలోని కొడగు జిల్లాలో కైల్‌పొళ్దు పండుగ జరుగుతుంది. వరినాట్లు ముగించుకున్న కొడవలు తమ ఇళ్లలోని తుపాకులను పూజాస్థలంలో నిలిపి, గంధం పెట్టి, అగ్నిశిఖ పూలతో అలంకరిస్తారు. 1959 నాటి ఆయుధాల చట్టంలోని లైసెన్సు నిబంధన నుండి వారికి మినహాయింపు ఉన్నది. 2019లో కేంద్ర ప్రభుత్వం దానిని 2029 వరకు పొడిగించింది. తరతరాలుగా చేతులు మారిన ఆ తుపాకులలో పలుమార్లు మొదట పాడయ్యేది ఇనుము కాదు, భుజానికి ఆనించే చెక్క. వానలకు ఉబ్బి, ఎండలకు బీటలు తీసి, చెమటకు నల్లబడుతుంది.

కొత్త చెక్క చేయించడం ఖర్చుతో కూడిన పని. పాతదానికే మెరుగు పెట్టడానికి అవిసె నూనె, సుద్దపొడి, నాలుగు ఉప్పుకాగితాలు, పాత గుడ్డలు చాలు. అయితే తుపాకిలో తూటా లేదని రూఢి చేసుకుని, చెక్కను విడదీసే పనిని లైసెన్సు గల పనివానికే అప్పగించాలి. యజమాని చేయి పడవలసింది చెక్కమీదనే.

అన్నింటికంటె మొండిది యంత్రభాగం ఆనుకుని ఉండే చోటి నలుపు. ఏళ్ల తరబడి పోసిన యంత్రపు నూనె అక్కడి కర్రలోనికి ఇంకి, దానిని మెత్తబరుస్తుంది. సుద్దపొడిని స్పిరిటుతో ముద్దగా కలిపి ఆ చోట పట్టించి ఆరనిస్తే, నూనె పైకి వచ్చి సుద్ద పసుపుబారుతుంది. దులిపివేసి మళ్లీ పట్టించాలి. సుద్ద తెల్లగానే రాలేవరకు, అవసరమైతే వారంరోజులైనా, ఇదే పని. ఇక్కడ తొందరపడినవారి మెరుగు మొదటి వానాకాలానికే మచ్చలు తేలుతుంది.

స్పిరిటు వాసన పూర్తిగా పోయిన తరువాత సొట్టల వంతు. సొట్ట మీద తడిగుడ్డ పరచి కాగిన ఇస్త్రీపెట్టెను క్షణకాలం ఆనిస్తే, ఆవిరికి అణగిన నారలు ఉబ్బి లేస్తాయి. నారలు తెగిన గాట్లు మాత్రం లేవవు. వాటిని అలాగే వదలడమే మంచిది. ఏ గాటూ లేని పాత తుపాకిని చూస్తే ఎరిగినవారికి అనుమానమే కలుగుతుంది.

ఉప్పుకాగితం వాడకంలోనే ఎక్కువ చెక్కలు చెడిపోతాయి. ఇనుమును కలిసే అంచుల వద్ద చెక్క కొద్దిగా ఎత్తుగా ఉండాలి. ఒకసారి అరిగితే దానిని తిరిగి తెచ్చే ఉపాయం లేదు. అంచులను, ముద్రలను, చేతిపట్టు వద్ద చెక్కిన గళ్లను కాగితం తాకరాదు. గళ్లకు పాత పళ్లబ్రష్షు చాలు.

కొబ్బరినూనె ఇంట్లోనే ఉన్నది కదా అని పూసేవారున్నారు. అది ఎన్నటికీ ఆరదు, దుమ్మును పట్టుకుంటుంది. అవిసె నూనె గాలిలోని ఆమ్లజనిని పీల్చుకుని గట్టిపడుతుంది. బ్రిటిష్ సైన్యం లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ల చెక్కకు ఈ నూనెనే వాడింది. నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని, చెక్క వెచ్చబడేవరకు రుద్ది, మిగిలినది తుడిచివేయాలి. పచ్చినూనె అయితే ఒక్కొక్క పూతకు చాలా రోజులు, ఆరుడు మందు కలిపినదైతే సుమారు ఒక రోజు పడుతుంది. చెక్క జిగటగా ఉన్నదంటే పూత మందమైనదని అర్థం.

తుడిచిన గుడ్డల విషయంలో ఏమరుపాటు పనికిరాదు. నూనె గట్టిపడేటప్పుడు పుట్టే వేడి, గుడ్డలను ముద్దగా పడవేస్తే బయటికి పోలేక వాటినే అంటిస్తుంది. 1991 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరాన, గోడల చెక్కకు మెరుగు పెట్టిన పనివారు వదలిన ఇటువంటి గుడ్డల నుండి 38 అంతస్తుల భవనంలో మంటలు లేచాయి. 22వ అంతస్తులో మొదలైన ఆ మంటలు 30వ అంతస్తులోని నీటి జల్లు యంత్రాలకు గాని ఆగలేదు. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది మరణించారు. అందుచేత పని ముగిసిన వెంటనే గుడ్డలను నీటిలో ముంచి మూతగల రేకుడబ్బాలో ఉంచాలి, లేదా ఆరుబయట విడివిడిగా పరచి పెళుసుగా ఎండిన తరువాతనే పారవేయాలి.